మన మాటకు మన్నన



మనుష్యుడు తన ఊరు విడిచి పది ఆమడల దూరము పోయినచో, అతని తలపాగ చూచి కొందఱును, నడక చూచి కొందఱును అతడెవ్వడో ఊహింతురు. అతడు నోరు విప్పి రెండు మాటలాడినంతనే ఆ ఊహలతో పనియుండదు. ఏ సీమవాడో, ఏ వృత్తివాడో, చదువుకొన్నవాడో కాడో, తఱచుగా ఆ రెండు మాటలే చెప్పివేయును. ఆస్తి పోయినను మరల సంపాదించుకొనవచ్చును. ఊరు మాఱినను క్రొత్త ఊరిలో ఇల్లు కట్టుకొనవచ్చును. తల్లి ఒడిలో నేర్చిన మాట మాత్రము మనతోడనే వచ్చును. అందుచేతనే మన మాటను ఎవరైన ఎగతాళి చేసినచో ఆ దెబ్బ మాటకు తగిలినట్లు తోపదు, మనకే తగిలినట్లుండును.

భాషకును సంఘమునకును గల సంబంధమును గూర్చి పండితులు పెద్ద గ్రంథములు వ్రాసిరి. ఆ శాస్త్రచర్చలోనికి నేను పోను. ఒక్క సంగతి మాత్రమే మీకు మనవి చేయదలచితిని. భాషకు గౌరవము పొగడ్తవలన రాదు, పనివలన వచ్చును. ఏ భాషలో అర్జీ వ్రాయవచ్చునో, తీర్పు వినవచ్చునో, బిడ్డ చదువు సాగునో, ఆ భాషకు సంఘమున మర్యాద కలుగును. దానిని పలుకువానికిని కలుగును. ఆ పనులన్నిటినుండి తొలగి వంటయింటను పొలముగట్టునను మాత్రమే మిగిలిన భాష ఎంత తీయనిదైనను, దానిని పలుకువారు నలుగురిలో తలవంచుకొనవలసి వచ్చును. ఈ మాట నిజమగునో కాదో పరీక్షించుటకు దూరదేశములకు పోనక్కఱలేదు. మన తాతల కాలమున హైదరాబాదు సంస్థానములో తెలుగు భాషకు పట్టిన గతియు, అది కోలుకొనిన తీరును చూచిన చాలును.

ఆసఫ్‌జాహీ ప్రభువుల ఏలుబడిలోని ఆ సంస్థానమున పదునాఱు జిల్లాలుండెను. అందు ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. ప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారు. నాల్గవవంతు మరాఠీవారు. ఉర్దూ ఇంటిభాషగా గలవారు పదింట ఒకవంతు. రాజ్యకార్యములు నడచిన భాష మాత్రము మొదట పారసీకము. 1884 ప్రాంతమున దాని స్థానమున ఉర్దూ వచ్చెను. దూరపు పారసీకమునకు బదులు ఈ దేశముననే పుట్టి పెరిగిన ఉర్దూ వచ్చుట ఒక విధముగా మేలే. అయినను తెలుగు పల్లెలోని రైతుకు ఆ మార్పువలన ఒరిగినదేమియు లేదు. వానికి రెండును తెలియని భాషలే.

ఆ రైతు స్థితిని ఒక్క క్షణము భావింపుడు. భూమి తగవు వచ్చినది. తాలూకా కచేరికి పోవలెను. అర్జీ ఉర్దూలో వ్రాయించుకొనవలెను. వ్రాయువానికి రుసుము ఇచ్చి, తన గోడు తెలుగులో చెప్పుకొని, అతడేమి వ్రాసెనో ఎఱుగకయే వ్రేలిముద్ర వేయవలెను. న్యాయస్థానమున వకీళ్లు తన భూమిని గూర్చియే వాదించుచుందురు. అందు తన పేరును తన ఊరి పేరును తప్ప మఱేమియు వానికి అర్థము కాదు. తీర్పు చేతికి వచ్చినది. గెలిచెనో ఓడెనో తెలిసికొనుటకు ఆ కాగితమును పట్టుకొని చదువగలవాని ఇంటికి పరుగెత్తవలెను. చదివి చెప్పువాడు ధర్మాత్ముడైనచో సరి, కానిచో ఆ రైతుకు దిక్కెవ్వరు? తరతరముల రైతు తన నేలమీదనే పరాయివాడైనట్లు నిలువబడెను. భాష పోయినచోట న్యాయముకూడ మధ్యవర్తి చేతిలో పడును.

చదువు సంగతియు అట్లే యుండెను. క్రింది తరగతులలో కొంత తెలుగు ఉండినను పైచదువంతయు ఉర్దూలో సాగెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. దానిని గూర్చి న్యాయముగా మాటలాడవలెను. భారతదేశమున విశ్వవిద్యాలయములన్నియు ఇంగ్లీషున బోధించుచుండిన ఆ దినములలో, దేశభాషలో శాస్త్రములు బోధింపవచ్చునని పూనుకొని చూపించినది ఆ విద్యాలయమే. అందులకై భాషాంతరీకరణ శాఖ నొకదానిని ముందుగనే నెలకొల్పి, గణితము, చరిత్ర, వైద్యము, భౌతికశాస్త్రము మున్నగువాని గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. క్రొత్త పదములను కల్పించిరి. పని అప్పగించినచో దేశభాష ఏ పనికైనను చాలునని అందువలన ఋజువయ్యెను. అది గొప్ప సంగతియే. కాని సంస్థానమున సగముమంది పలుకు భాషకు ఆ పని దొరకలేదు. తెలుగు బిడ్డకు ఆ విద్యాలయపు ద్వారము ఉర్దూ నేర్చిన పిదపనే తెఱచుకొనెను. ఒకే భవనము దేశభాషలకు దారి చూపించినది, అందులో ఒక దేశభాషను బయట నిలిపినది. ఈ రెండు మాటలును నిజమే.

ఇట్టి స్థితిలో కొందఱు పెద్దలు చేసిన మొదటి పని ఏమనుకొనుచున్నారు? గ్రంథాలయము పెట్టిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును ఆ కార్యమునకు తోడునిలిచిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము ఏర్పడెను. 1906లో లక్ష్మణరావుగారు మున్నగువారు విజ్ఞానచంద్రికా గ్రంథమాలను హైదరాబాదుననే ప్రారంభించిరి. ఆ గ్రంథమాలవారు తెలుగువానికి తెలుగులో చరిత్రయు, శాస్త్రములును, మహాపురుషుల జీవితములును అందింపదలచిరి. ఇక్కడ వారి వివేకమును గమనింపుడు. భాషకు పనిలేకపోయెనని ఏడ్చుచు కూర్చుండలేదు. ప్రభుత్వము ఈయని పనిని తామే దానికి కల్పించిరి.

అయినను సంఘమున తెలుగు మాటకు మన్నన యింకను రాలేదు. అది ఎంత తక్కువగా నుండెనో 1921 నవంబరులో బయటపడెను. హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల ఆవరణమున సంఘసంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహర్షి ధోండో కేశవ కార్వేగారు దానికి అధ్యక్షులు. సభలో ఇంగ్లీషునను, ఉర్దూలోను, మరాఠీలోను ఉపన్యాసములు జరిగినవి, జనము విన్నారు. తరువాత ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ మొదలిడెను. అంతట సభలో గోల చెలరేగెను. ఈలలును, చప్పట్లును, నవ్వులును మిన్నుముట్టెను. ఆయన మాట సాగనీయలేదు. ఆయన చెప్పిన విషయముపై ఎవరికిని ఆక్షేపణ లేదు. దానిని తెలుగున చెప్పుటయే వారికి వింతగా తోచెను.

ఆ నవ్వినవారు దుర్మార్గులని నేననను. చదువుకొన్నవారే, సంఘమును సంస్కరింపవలెనని వచ్చినవారే. వారికి తెలుగు సభలో వినదగిన భాషగా ఎన్నడును కనబడలేదు. కచేరిలో లేదు, కళాశాలలో లేదు, పెద్దమనుష్యుల గోష్ఠిలో లేదు. బండి తోలువాని నోటను, కూరలమ్ము దాని నోటను విన్న భాష వేదిక ఎక్కగానే నవ్వు వచ్చెను. పని తీసివేసిన భాషకు మర్యాదయు పోవునని నేను మొదట మనవి చేసితిని గదా, ఆ సభలో జరిగినది అదియే.

ఆ రాత్రియే కొందఱు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట చేరిరి. వారు డజను మందికి మించరు. అవమానమునకు అవమానముతో బదులు చెప్పవలెనని వారు తలపలేదు. ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. ఆ సంఘము పనులకు మాడపాటి హనుమంతరావుగారు ప్రాణమువంటివారైరి. సంఘము పూనుకొనిన పనులు మనమందఱము గుర్తుంచుకొనదగినవి. గ్రంథాలయములను, పఠనమందిరములను స్థాపించుట, తెలుగు పాఠశాలలకు తోడ్పడుట, తాళపత్రములను శాసనములను సేకరించుట, రైతులకును వర్తకులకును గల ఇక్కట్లను గూర్చి చిన్న పుస్తకములు తెలుగున అచ్చువేయించుట, ఇవి ఆ పనులు. లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధక మండలి ఊరూర శిలాశాసనములను వెదకి, వాని పాఠములను 1935లో తెలంగాణా శాసనములను గ్రంథముగా ప్రకటించెను. గుడి గోడలపైనను చెఱువుకట్టలపైనను నిలిచిన ఆ రాళ్లలో ఎన్నియో తెలుగున మాటలాడినవి. దానము ఎవరిచ్చిరి, నీరెవరికి పాఱవలెను, పన్ను ఎంత అను సంగతులు వానిలో ఉండెను. రాజశాసనమునకు పనికివచ్చిన భాష సభలో మాటలాడుటకు పనికిరాదా యను ప్రశ్నకు ఆ రాళ్లే సమాధానము చెప్పెను.

బాలికల చదువును గూర్చి ఒక సంగతి చెప్పవలెను. మాడపాటివారు 1928లో హైదరాబాదున తెలుగు బాలికలకై పాఠశాల నెలకొల్పిరి. అది ఉన్నత పాఠశాలగా పెరిగినది. తెలుగున ఉన్నతవిద్య చెప్పుటకు సంస్థానమున గుర్తింపు దొరకకపోగా, పూనాలోని కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయముతో దానికి సంబంధము కల్పించుకొనిరి. తెలుగు మాట నవ్వులపాలయిన సభకు అధ్యక్షులైన ఆ మహర్షి స్థాపించిన విద్యాలయమే తెలుగు బాలికలకు నీడనిచ్చెను. మరాఠీవారు కొందఱు నవ్విరని మరాఠీవారందఱితో వైరము పెట్టుకొనినచో ఈ మేలు జరిగియుండెడిది కాదు. ఎగతాళి చేసినవానిని ఆ జాతి కంతటికి ప్రతినిధిగా తలపరాదని మన పెద్దలకు తెలియును.

1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. పల్లెల సంగతులును, ఉద్యోగుల అన్యాయములును, పుస్తకముల గుణదోషములును అందు తెలుగున వచ్చెడివి. తెలంగాణమున తెలుగు కవులే లేరని ఒకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు కోపముతో వ్యాసములు వ్రాసి ఊరకుండలేదు. మాఱుమూల పల్లెలనుండి పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. లేరన్నవానికి ఇదిగో అని చూపుటకంటె మంచి సమాధానమేమున్నది?

1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ కూడెను. ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు. ఆ పందిటిలోనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను ఆంధ్ర మహిళాసభయు జరిగెను. సంస్థానమున సభ పెట్టవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనను గస్తీ నిషాన్ 53 అమలులోనుండిన కాలమది. భాషకై మొదలైన ఉద్యమము భాషతో ఆగలేదు. జనులు తమ మాటలో తమ కష్టములు చెప్పుకొన నేర్చిరి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలైనవారిచేతను హరిజనులచేతను ఉద్యోగులును దొరలును కూలి లేక చేయించుకొనుచుండిన వెట్టిచాకిరి సభలలో చర్చకు వచ్చెను. బాల్యవివాహములు, పన్నుల బరువు, కౌలుదారుల హక్కులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. తన మాటలో చదువగలిగినవాడు తన హక్కును తెలిసికొనును. తన మాటలో చెప్పగలిగినవాడు అడుగును. భాషోద్యమమును కేవలము కవిపండితుల ముచ్చటగా తలచువారు ఈ చరిత్రను మఱియొకమాఱు చదువవలెను.

ఇంతవఱకు విన్నవారికి ఉర్దూ మనకు శత్రువని తోచవచ్చును. అది పొరపాటు. ఈ ఉద్యమమును నడపిన పెద్దలలో పలువురు ఉర్దూ పారసీకములలో దిట్టలు. బూర్గుల రామకృష్ణరావుగారు పారసీక వాఙ్మయ చరిత్రను తెలుగున వ్రాసిరి. నిజాము చెఱలో మగ్గిన దాశరథిగారే తరువాత గాలిబు కవితను తెనిగించి గాలిబ్ గీతాలను పేర వెలువరించిరి. మన కాగితము, రసీదు, దస్తావేజు, హామీ, జవాబు అను మాటలన్నియు ఆ త్రోవనే వచ్చి మన ఇంట చేరినవి. వీనిని వెడలగొట్టినచో మన పట్టాభూమి లెక్కలు చెప్పుకొనుటకే మాటలు చాలవు. ఆ పెద్దల తగవు ఉర్దూతో కాదు. ప్రజల భాషకు ఇంటనే పని లేకుండ చేసిన ఏర్పాటుతో వారి తగవు.

ఇక కథలో రెండవ భాగమునకు వత్తును. ఇది మొదటి భాగమువలె సంతోషముగా చెప్పదగినది కాదు.

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున కలిసెను. 1956 నవంబరు 1వ తేదీన తెలుగువారందఱు ఆంధ్రప్రదేశముగా ఒక్క గొడుగు క్రిందికి వచ్చిరి. 1966లో తెలుగు అధికారభాషగా శాసనము చేయబడెను. తెలుగునకు కచేరిలోను బడిలోను పని దొరకెను. ఇక ఎవరి మాటకును చిన్నతనముండదని తలచవలసిన కాలము. అయితే జరిగినదేమి? కృష్ణా గోదావరి తీరముల చదువుకొన్నవారి మాటకు పుస్తకములలో పీట వేసిరి. తెలంగాణపు మాట యాసయని పేరుపొందెను. ఏండ్ల తరబడి చలనచిత్రములలో నాయకుడు ఒక తీరున మాటలాడ, దుష్టునికిని నవ్వించువానికిని తెలంగాణపు పలుకు తగిలించిరి. ఉత్తరాంధ్రపు మాటకును, రాయలసీమ మాటకును అట్టి అనుభవమే కలిగెను. తరగతిలో తన ఇంటి మాట పలికిన బిడ్డను తోటివారు నవ్విరి, కొన్నిచోట్ల గురువులును నవ్విరి. అనగా 1921లో మనపై విసరబడిన నవ్వును మనమే తీసికొని మనవారిపై విసరితిమి.

ఈ నవ్వునకు హేతువేమైన ఉన్నదా? తెలంగాణమువాడు దవాఖానా అన్నచో అది తుర్కమాట యందురు. అట్లన్నవాడు తాను ఆసుపత్రి యనును. ఆ ఆసుపత్రియు సముద్రము దాటి పాశ్చాత్యులతో వచ్చినదే గదా. ఒకడు సడకు అనును, ఒకడు రోడ్డు అనును. ఒకటి గోలకొండ కోటద్వారమున వచ్చెను, ఒకటి చెన్నపట్టణపు రేవున వచ్చెను. రెండింటిలో ఒకదానికి మర్యాదయు, మఱియొకదానికి ఎగతాళియు రావలసిన కారణము భాషలో లేదు. ఎవరి చేతిలో బడియు, పత్రికయు, అధికారమును ఉండెనో వారి మాటకు మర్యాద వచ్చెను. వరంగల్లు కవి కాళోజీ నారాయణరావుగారు బడిలో పలుకు భాషకంటె జనుల పలుకుబడిలోని భాషయే గొప్పదని జీవితాంతము వాదించిరి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమయ్యెను. దానికి నీళ్లు, నిధులు, ఉద్యోగములు కారణములని మీరెఱుగుదురు. మాటకు జరిగిన అవమానమును ఆ మనసులలో ఒక ముల్లువలె నుండెను. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9వ తేదీని నేడు ఆ రాష్ట్రమువారు భాషా దినముగా జరుపుకొనుచున్నారు.

మఱియొక మెట్టు క్రిందికి దిగి చూడవలెను. తెలుగువారి నడుమ తెలుగు కాని భాషలు పలుకువారు కలరు. ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు, గోదావరి ఒడ్డున కోయలు, శ్రీకాకుళపు కొండలలో సవరలు ఉన్నారు. తెలుగు రైతుకు ఉర్దూ కాగితము ఎట్లుండెనో, గోండు రైతుకు తెలుగు కాగితమును అట్లే ఉండెను. అతని నేల పరుల పాలగుటకు అదియు నొక కారణము. 1940లో కొమరము భీము గోండులను కూడగట్టి ఎదిరించి, జోడెఘాట్ కొండలలో పోలీసు కాల్పులకు మరణించెను. తరువాత సంస్థానమువారు హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రవేత్తచేత అక్కడి సంగతులు విచారింపజేసిరి. 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేయు కేంద్రము వెలసెను. గోండు బిడ్డలకు మొదటి పాఠములు గోండి భాషలోనే చెప్పిరి. మన తెలుగు పండితులలో అంతకు చాల ముందుగనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరభాష నేర్చి, సవర బిడ్డలకు వారి మాటలో చదువు చెప్పించి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీని మనము తెలుగు భాషా దినముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమున ఆయన సవరలకు చేసిన సేవనుకూడ తలచుకొనుట న్యాయము. తన భాషను ప్రేమించువాడెవ్వడో తెలిసికొనుటకు ఒక్కటే గుర్తు: తనకంటె చిన్నవాని భాషను వాడెట్లు చూచునో చూడవలెను.

ఇప్పటి సంగతి కొంచెము చెప్పి ముగించెదను. 2011 జనాభా లెక్కలలో మన దేశమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమంది పలుకు భాషకు భయమేమని కొందఱందురు. సంస్థానమున సగముమంది తెలుగువారై యుండియు వారి భాషకు సభలో చోటు దొరకలేదని మఱువరాదు. తలల లెక్క భాషను కాపాడదు. భాష చేయుచున్న పనుల లెక్క చూడవలెను. నేడు బ్యాంకు అప్పుపత్రము తీసి చూడుడు. బీమా కాగితము తీసి చూడుడు. మందుసీసాపై వ్రాత చూడుడు. తఱచుగా అవి ఇంగ్లీషుననే ఉండును. వ్రేలిముద్ర పోయి సంతకము వచ్చినది గాని, తానేమి ఒప్పుకొనుచున్నాడో ఎఱుగకయే ఒప్పుకొను రైతు ఇంకను ఉన్నాడు. నూఱేండ్ల క్రింద ఉర్దూ కాగితము పట్టుకొని ఊరిలో తిరిగినవాని మనుమడే ఇతడు.

ఇంగ్లీషు నేర్పవలదని నేను చెప్పుటలేదు. బిడ్డలకు అది కావలెను. పేదవాని బిడ్డకు మఱింత కావలెను. ఉన్నవాడు తన బిడ్డకు ఇంగ్లీషు చెప్పించుకొని, లేనివాని బిడ్డకు భాషాభిమానము బోధించుట ధర్మము కాదు. అయితే ఒక భాష నేర్చుటకు మఱియొక భాషను సిగ్గుపడి విడువవలసిన పనిలేదు. మాడపాటివారును బూర్గులవారును మూడు నాలుగు భాషలలో పండితులై యుండియు తెలుగునకు సేవచేసిరి. పెక్కు భాషలు వచ్చుట వారికి బలమయ్యెను.

పల్లె పెద్దలైన మీ చేతిలో నున్న పని చిన్నది కాదు. పంచాయతీ తీర్మానము వ్రాయునప్పుడు అందఱికి తెలియు తెలుగున వ్రాయింపుడు. వ్రాసినదానిని సభలో బిగ్గరగా చదివింపుడు. తెలియని భాషలో వచ్చిన కాగితమును అర్థము చెప్పనిదే సంతకము చేయవలదని ఊరివారికి చెప్పుడు. చదువుకొన్న పిల్లలచేత చదివించి చెప్పింపుడు. ఆ పిల్లలకు దానివలన చదువు విలువయు తెలియును. మూతపడిన గ్రంథాలయము ఊరిలో నున్నచో దాని తలుపు తెఱపింపుడు. వేఱొక జిల్లానుండి వచ్చిన కోడలి మాటను చూచి ఇంటిలో నవ్వుచున్నచో, ఆ నవ్వును మొదట మీరే మాన్పింపవలెను. తండా బిడ్డగాని, కొండ బిడ్డగాని బడికి వచ్చి మౌనముగా కూర్చున్నచో, వానికి తెలివి లేదనుకొనక, వాని మాటలో వానిని పలుకరింపగలవారెవరో వెదకుడు.

ఇంకొక పని మీరు తప్ప ఎవరును చేయలేరు. కార్తెల పేర్లు, నేలల పేర్లు, వడ్ల రకముల పేర్లు, నాగలి భాగముల పేర్లు, గాలుల పేర్లు, పశువుల రోగముల పేర్లు మీ తరము నోటనే ఉన్నవి. ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు పాత కావ్యములలోని ఇట్టి మాటలే ఆధారములు. జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని ఆయన ఆ మాటలనుండియే తీసి చూపిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున మొదటి పురస్కారమును ఆ గ్రంథమునకే ఇచ్చెను. మాట మిగిలినచో ఆ కాలపు జీవితము మిగులును. మనుమలను పొలమునకు తోడ్కొనిపోయి ఆ మాటలు వినిపింపుడు. వ్రాయగలవారు ఒక పుస్తకమున వ్రాసి ఊరి బడికి ఇండు.

1921లో ఒక న్యాయవాది తన మాటలో పలుకబోయి పలుకలేక కూర్చుండెను. ఆనాడు ఆయనను కూర్చుండబెట్టినవారు పరాయివారు. నేడు ఎవరైన తెలుగున మాటలాడుటకు జంకుచున్నచో, గోండియో సవరయో పలుకుటకు సిగ్గుపడుచున్నచో, ఆ జంకును పోగొట్టవలసిన భారము మనదే. మన ఊరిలో ఏ బిడ్డయు తన తల్లి నేర్పిన మాట పలికినందుకు తలవంచుకొనకుండునట్లు చూచుట మన చేతిలోనిదే.